మైక్రోబ్లేడింగ్: కాగితమంత లోతులో ఉన్న కిటుకు

మా నాయనమ్మ ముంజేతి మీద ఒక పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు దాన్ని తేలు అనుకునేదాన్ని. తులసికోట అని తర్వాతెప్పుడో ఆవిడే చెప్పింది. గీతలు అంతగా అలుక్కుపోయాయి మరి. పెళ్ళికి ముందు ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె సూదులతో పొడిచిందట. అందులో వేసింది దీపపు మసి, ఏదో ఆకు పసరు. మసి నల్లగా ఉంటుంది కదా, మరి దీన్ని పచ్చబొట్టు అంటారేమిటని అడిగితే, "పొడిచిన రోజు నల్లగానే ఉందే. తోలు లోపలికి పోయాక పచ్చబడింది" అనేది.

కనుబొమల మైక్రోబ్లేడింగ్, అంటే పలచటి కనుబొమల మీద వెంట్రుకల్లాంటి రంగు గీతలు గీయించుకోవడం, దాని గురించి తెలియాల్సిన సంగతుల్లో సగం ఆ జవాబులోనే ఉన్నాయి. చర్మం లోపల ఉన్న నల్లటి మసి మన కంటికి నల్లగా కనబడదు. పైన పడిన వెలుతురు చర్మంలో చెదిరిపోతుంది. అందులో నీలం ఎక్కువగా వెనక్కి చెదిరి కంటికి చేరుతుంది. ఎరుపు లోతుకు దిగి మసిలో ఇంకిపోతుంది. చేతి మీద నరాలు నీలంగా కనబడేదీ దాదాపు ఇందుకే. మసి ఎంత లోతుకు దిగితే అంత నీలం, చామనఛాయ చర్మంలోంచి చూస్తే అదే ఆకుపచ్చ.

మైక్రోబ్లేడింగ్‌లో కూడా చర్మానికి గాటు పెట్టి అందులో రంగు నింపుతారు. పార్లర్ బోర్డు మీద 'సెమీ పర్మనెంట్ మేకప్' అని రాసినా, పని మాత్రం పచ్చబొట్టు పనే. తేడాలు రెండు: ఇక్కడ లోతు తక్కువ, వాడే రంగు వేరు. దీనివల్ల ముఖానికి వచ్చే అందమూ, రెండేళ్ళ తర్వాత వచ్చే ఇబ్బందులూ చాలావరకు ఈ రెండింటి నుంచే పుడతాయి.

పనిముట్టు, లోతు

పేరులో బ్లేడు ఉంది కానీ నిజానికి అది బ్లేడు కాదు. పెన్నులాంటి పిడి చివర, జుట్టుకంటే కాస్త లావుగా ఉండే సూదులు పదో పదిహేనో ఏటవాలుగా ఒకే వరసలో బిగించి ఉంటాయి. దాన్ని రంగులో ముంచి చర్మం మీద చిన్న గీత గీస్తే, ఒక వెంట్రుకంత సన్నని గాటు పడుతుంది. రంగు అందులోకి దిగుతుంది. మిషన్ ఉండదు, అంతా చేతి పనే. ఒక్కో కనుబొమకు ఇలాంటి గీతలు పదుల సంఖ్యలో పడతాయి.

ఇప్పుడు లోతు సంగతి. మన చర్మం పై పొర ఎప్పుడూ రాలిపోతూనే ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి చేరి పొట్టులా రాలడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రంగు ఆ పొరలోనే ఆగిపోతే నెల తిరక్కుండా పోతుంది. గోరింటాకు పండినా కొన్నాళ్ళకు పోవడం ఇందుకే. ముఖం మీద ఆ పొర మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు, అంటే ఇంచుమించు ఒక నోటుబుక్కు కాగితమంత. దాని కింద ఉన్న పొర అలా రాలదు. అక్కడికి చేరిన రంగును శరీరం బయటి శత్రువుగా లెక్కగట్టి, రోగనిరోధక కణాల చేత మింగిస్తుంది. మింగిన కణం రంగును అరిగించుకోలేదు, వదలనూ వదలదు. ఆ కణం చచ్చిపోతే రంగు బయటపడుతుంది, కానీ పక్కన పుట్టిన కొత్త కణం వెంటనే దాన్ని మింగేస్తుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఈ తంతును గమనించి 2018లో ప్రచురించారు. కాపలావాళ్ళు డ్యూటీలు మారుతుంటారు, ఖైదీ మాత్రం గదిలోనే ఉంటాడు. మామూలు పచ్చబొట్టు కాటి దాకా తోడొస్తుందని పెద్దవాళ్ళు అనడానికి కారణం ఇదే.

మైక్రోబ్లేడింగ్ చేసేవాళ్ళు రంగును ఆ రెండో పొర పైఅంచులోనే ఉంచాలని చూస్తారు. కాగితం దాటాలి, కానీ దాని కిందున్న దళసరి అట్టలోకి దిగకూడదు. అక్కడ పడిన రంగులో కొంత శోషరసంతో (కణాల మధ్య నుంచి పారే లింఫ్ ద్రవంతో) కొట్టుకుపోతుంది, కొంత ఎండకు విరిగిపోతుంది. అందుకే ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, కొందరికి మూడేళ్ళు కనబడి వెలిసిపోతుంది. 'సెమీ పర్మనెంట్' అన్న మాటకు అర్థం అంతే. ఫలానా తేదీకి పూర్తిగా చెరిగిపోతుందని కాదు. ఎంతో కొంత అడుగున మిగిలిపోవడం చాలామందిలో ఉండేదే.

గాటు తక్కువ పడితే పక్కుతో పాటే రంగూ ఊడిపోతుంది. ఎక్కువ పడితే రక్తం చిమ్మి రంగును బయటికి నెడుతుంది, గీత అలుక్కుపోయి నీలమవుతుంది, మచ్చ పడుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న జాగా మిల్లీమీటరులో చిన్న భాగం. దాన్ని కొలిచి చెప్పే మీటరు ఏదీ ఆ పిడి మీద ఉండదు. అనుభవం ఉన్నవాళ్ళు చేతికి తగిలే బిగువును బట్టి, చర్మం తెగేటప్పుడు వినిపించే సన్నని సర్రుమనే చప్పుడును బట్టి పోల్చుకుంటారు. రెండు మూడు రోజుల కోర్సు చేసి, రబ్బరు తోలు మీద గీతలు గీసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారికి ఈ చప్పుడు తెలిసే అవకాశం తక్కువ. రబ్బరుకు రక్తం రాదు కదా.

కుర్చీలో రెండు మూడు గంటలు

మొదట కొలతలు. ముక్కు అంచు నుంచి నిట్టనిలువుగా పైకి వెళితే కనుబొమ మొదలయ్యే చోటు, ముక్కు అంచు నుంచి కంటిపాప మీదుగా ఏటవాలుగా వెళితే వంపు, కంటి చివర మీదుగా వెళితే తోక. వడ్రంగి చెక్క మీద రంగునూలు లాగి చరిచినట్టే, రంగు పూసిన దారాన్ని నుదుటి మీద బిగించి గీతలు వేస్తారు. ఈ గీతల దగ్గర తొందరపడకూడదు. అద్దంలో కూర్చునీ, నిలబడీ, నవ్వుతూనూ చూసుకోవాలి. పడుకుంటే ముఖం కండరాలు ఒకలా ఉంటాయి, లేచి మాట్లాడితే ఇంకోలా ఉంటాయి. ఎవరి కనుబొమలూ రెండూ ఒకేలా ఉండవు, ఉండనక్కర్లేదు కూడా. మరీ అచ్చుగుద్దినట్టు చేస్తే ముఖం స్టిక్కరు అంటించినట్టు అవుతుంది.

తర్వాత మొద్దుబారే క్రీము, అరగంట ఆగడం, గీతలు, రంగు ఊరడానికి పైన మళ్ళీ పూత. నొప్పి భరించగలిగినదే అంటారు చాలామంది. త్రెడింగ్‌కు కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాళ్ళు కూడా.

సహజంగా కనబడటం అనేది గీతల దిశలో ఉంటుంది. అద్దం దగ్గరికి వెళ్ళి మీ కనుబొమను ఒకసారి చూసుకోండి. ముక్కు వైపున్న వెంట్రుకలు పైకి లేచి ఉంటాయి, మధ్యలోకి వచ్చేసరికి పక్కకు వాలతాయి, పైవరసలోవి కిందికి దిగి కిందివరసతో కలుస్తాయి. ఈ అల్లికను పట్టుకున్న చేయి వేసిన గీత రెండడుగుల దూరం నుంచి వెంట్రుకలాగే ఉంటుంది. అన్నీ ఒకే పొడవు, ఒకే వాలు అయితే దువ్వెన పళ్ళలా ఉంటాయి. ఒక మాట మాత్రం చెప్పాలి: గీతకు వెంట్రుకలా మెరుపు ఉండదు, లేచి నిలబడదు. సొంత వెంట్రుకలు కొన్నయినా ఉండి, వాటి మధ్య ఖాళీలు పూడ్చినప్పుడే ఈ కనికట్టు బాగా పనిచేస్తుంది. ఏమీ లేని బోడి చర్మం మీద గీసిన గీతలు, ఎంత బాగా గీసినా, దగ్గరికి వస్తే గీతలే.

మానే రోజుల గురించి ముందే తెలియకపోతే టెన్షన్ తప్పదు. మొదటి మూడు నాలుగు రోజులు కనుబొమలు మీరు అడిగినదానికంటే ముదురుగా, లావుగా ఉంటాయి. ఇంట్లో ఎవరో ఒకరు 'ఏంటే ఇది, బొగ్గు రాసుకున్నట్టు' అంటారు. అయిదో రోజు నుంచి పొట్టు లేస్తుంది. దాన్ని గోకితే ఆ ముక్క కింద రంగు పోతుంది. పదో రోజు తర్వాత, పక్కు అంతా రాలాక, వేలకు వేలు పోసిన రంగు మాయమైపోయినట్టు ఉంటుంది. ఏడుపు ఫోన్లు ఎక్కువగా వచ్చేది ఈ వారంలోనే. పోయింది రంగు కాదు. గాటు మీద కొత్తగా పుట్టిన చర్మం ఇంకా పాల మీగడలా మసకగా ఉంటుంది, రంగు దాని వెనక దాక్కుంటుంది. నాలుగో వారానికి ఆ పొర తేటపడి గీతలు మళ్ళీ బయటపడతాయి. అందుకే రెండో విడత టచప్ నెల నుంచి రెండు నెలల మధ్య చేస్తారు. అసలు ఫలితం ఆ టచప్ కూడా మానాకే తెలుస్తుంది.

పార్లర్లు చూపించే ఫొటోల్లో ఎక్కువభాగం గీతలు వేసిన పది నిమిషాలకు తీసినవే. అప్పుడు ఎవరు చేసినా బాగానే ఉంటుంది. అడగాల్సింది ఏడాది తర్వాతి ఫొటో, అదీ మీ రంగు చర్మం ఉన్నవారిది.

మన చర్మం, మన ఎండ

జిడ్డు చర్మం మీద ఈ గీతలు నిలవవు. నూనె గ్రంథులు చురుగ్గా ఉన్నచోట రంగు గీత అంచులు దాటి పాకుతుంది. పలచటి కాగితం మీద సిరా పాకినట్టు, వెంట్రుకలా ఉన్నది నీడలా మారుతుంది. మన దగ్గర జిడ్డు చర్మం సర్వసాధారణం, దానికి తోడు ఉక్కపోత. విజయవాడలో మే నెలలో గాటు పడిన కనుబొమను పది రోజులు చెమట తగలకుండా కాపాడుకోవడం మాటలు కాదు. నన్నడిగితే, జిడ్డు చర్మం ఉన్నవాళ్ళు గీతల మీద మోజు వదులుకుని, మిషన్‌తో చిన్న చిన్న చుక్కలుగా రంగు వేసే పౌడర్ బ్రోస్ గురించి ఆలోచించడం మేలు. ఎలాగూ రెండో ఏడాదికి గీతలు నీడగా మారేటప్పుడు, నీడనే పద్ధతిగా వేయించుకోవచ్చు కదా. ఫొటోలో అంత గొప్పగా ఉండదు, ముఖం మీద నయంగా ఉంటుంది.

రెండోది మచ్చ. మన రంగు చర్మానికి చిన్న గాయమైనా నల్లమచ్చ మిగిల్చే గుణం ఉంది. మొటిమ పోయినా మచ్చ నెలల తరబడి ఉండేవాళ్ళకు ఈ విషయం వేరే చెప్పనక్కర్లేదు. చెవులు కుట్టించుకున్నచోట కెలాయిడ్ (గాయం మానాక గడ్డలా పెరిగే మచ్చ) లేచినవారు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఇంట్లో బొల్లి ఉన్నవారు మరీ జాగ్రత్తపడాలి. బొల్లి, సోరియాసిస్, లైకెన్ ప్లానస్ లాంటి జబ్బులు గాయమైన చోటే కొత్తగా మొలిచే అవకాశం ఉంది. గాటు పెట్టిన గీత వెంటే తెల్లమచ్చ వస్తే దాన్ని దాచడం పలచటి కనుబొమలను దాచడమంత తేలిక కాదు.

ఇక రంగు. మనలో చాలామంది కనుబొమలు నలుపే కాబట్టి నల్లరంగే వేయమంటారు. పని తెలిసినవాళ్ళు ఒప్పుకోరు, ముదురు గోధుమరంగు వేస్తామంటారు. వాళ్ళ మాట వినండి. పచ్చి నలుపు అంటే ఎక్కువగా బొగ్గు రేణువులు, అంటే నాయనమ్మ చేతి మీది మసికి కజిన్. లోతు కాస్త ఎక్కువైతే చాలు, ఏడాదిలో నీలం బూడిదరంగు తేలుతుంది. గోధుమరంగును సాధారణంగా ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు (తుప్పులాంటి ఇనుప రంగులు) కలిపి తయారుచేస్తారు, కొన్నింటిలో బొగ్గూ, సేంద్రియ రంగులూ ఉంటాయి. ఇవన్నీ ఒకే వేగంతో వెలవవు. ఏది ముందు పోయి ఏది మిగిలిందో దాన్ని బట్టి కొందరి కనుబొమలు రెండేళ్ళకు ఇటుకరంగుకు తిరుగుతాయి, కొందరివి బూడిదరంగుకు. వెలిసిన ప్రతిసారీ పైన మళ్ళీ వేయించుకుంటూ పోతే కింద పాత రంగు పేరుకుని గీతల మధ్య ఖాళీ ఉండదు. ఏడెనిమిదేళ్ళు అలా చేయించుకున్నవారి కనుబొమలు రెండు పలకల్లా కనబడేది అందుకే.

తీయించుకుందామంటే లేజర్ ఉంది, కానీ అక్కడో మెలిక. బొగ్గు రంగు లేజర్‌కు బాగానే లొంగుతుంది. ఐరన్ ఆక్సైడ్, రంగును లేతచేయడానికి కలిపే టైటానియం డయాక్సైడ్ మాత్రం లేజర్ తగలగానే రసాయనికంగా మారి ఒక్కసారిగా నల్లబడవచ్చు. ఇటుకరంగు పోగొట్టుకుందామని వెళ్ళి నల్ల కనుబొమతో బయటికి వచ్చిన సందర్భాలు చర్మవైద్యులకు కొత్త కాదు. తర్వాత మరిన్ని విడతల్లో ఆ నలుపును తగ్గించవచ్చు, కానీ ఖర్చూ కాలమూ మొదటిదానికి ఎన్నో రెట్లు. లేజర్ చేసేవాళ్ళు ముందు చిన్న చుక్క మీద ప్రయత్నించి చూడాలనేది ఇందుకే.

కనుబొమలు ఎందుకు రాలాయి?

ఈ ప్రశ్న పార్లర్లో ఎవరూ అడగరు. అడగాలి. ఏళ్ళ తరబడి త్రెడింగ్‌లో సన్నగా లాగించుకుని కుదుళ్ళు చచ్చిపోయినవారు ఉన్నారు, సరే. కానీ కనుబొమ తోకవైపు మూడో వంతు పలచబడితే థైరాయిడ్ తగ్గిందేమో చూడాలి. గుండ్రంగా అతుకులు అతుకులుగా ఊడితే పేనుకొరుకుడు కావచ్చు. దానికి మందు ఉంది, చాలాసార్లు వెంట్రుకలు తిరిగి వస్తాయి. కుష్ఠులో ఒక రకం కూడా కనుబొమలు రాలడంతో బయటపడుతుంది. ఆ జబ్బు మన దేశం నుంచి ఇంకా పూర్తిగా పోలేదు, త్వరగా పట్టుకుంటే మందులతో నయమవుతుంది. వీటిలో ఏదున్నా పైన గీతలు గీసి కప్పేస్తే, డాక్టరు కంటికి కనబడాల్సిన ఆనవాలు చెరిగిపోతుంది. థైరాయిడ్ పరీక్షకయ్యే ఖర్చు మైక్రోబ్లేడింగ్ ఖర్చులో చిన్న ముక్క.

కీమోథెరపీకి వెళ్ళేవారి కథ వేరు. జుట్టు పోవడానికి చాలామంది మనసు సిద్ధం చేసుకుంటారు. కనుబొమలు పోయిన రోజు అద్దంలో తమ ముఖం తమదిలా ఉండదని వాళ్ళే చెబుతారు. మైక్రోబ్లేడింగ్ నిజంగా మేలు చేసే చోట్లలో ఇదొకటి. కాకపోతే చికిత్స నడుస్తుండగా చేయించుకోకూడదు. తెల్లకణాలు తగ్గి ఉంటే చిన్న గాటు నుంచి కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే రక్తం ఆగదు. చికిత్స మొదలవడానికి తగినంత ముందుగానో, ముగిసి కోలుకున్నాకో, క్యాన్సర్ డాక్టరుకు చెప్పే చేయించుకోవాలి.

గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, షుగరు అదుపులో లేనివారు ఆగాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్నవాళ్ళు ఆ సంగతి దాచకూడదు. మందు ఆపాక కూడా నెలల తరబడి ఆగమంటారు.

ఎవరు చేయొచ్చు, దేనితో

దక్షిణ కొరియాలో 1992లో అక్కడి సుప్రీంకోర్టు కనుబొమల పచ్చబొట్టును వైద్యం కిందే లెక్కగట్టింది. డాక్టరు కానివాళ్ళు వేస్తే నేరం. అయినా వీధివీధినా చాటుగా నడిచింది. చివరికి 2025లో పార్లమెంటు చట్టం చేసి, డాక్టర్లు కానివారికీ లైసెన్సు ఇచ్చే దారి తెరిచింది. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి పచ్చబొట్టు సిరాల్లోనూ పర్మనెంట్ మేకప్ రంగుల్లోనూ నాలుగు వేలకు పైగా రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. అమెరికాలో మందులనూ సౌందర్య సాధనాలనూ నియంత్రించే ఎఫ్.డి.ఎ. చర్మంలోకి ఎక్కించడానికంటూ ఏ ఒక్క రంగునూ ఇంతవరకు ఆమోదించలేదు. మన దగ్గర ఈ పని చేయడానికి దేశమంతటా వర్తించే ప్రత్యేక లైసెన్సు లేదు. కాబట్టి పరీక్ష పెట్టాల్సింది మీరే. సూదుల ప్యాకెట్ మీ ఎదుటే చింపాలి, పని అయ్యాక ఆ సూదులు పారేయాలి. 'స్టెరిలైజ్ చేశాం' అంటే లేచి వచ్చేయండి, హెపటైటిస్ బి, సి రావడానికి అంత చిన్న సూది చాలు. రంగు సీసా మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఎలర్జీ వస్తే డాక్టరుకు చూపించడానికి అదొక్కటే ఆధారం. చెవి వెనక చుక్క రంగుతో ముందే పరీక్ష చేయించుకోవడం మంచిదే, కానీ అది అన్నీ పట్టుకోదు. కొన్ని ఎలర్జీలు, గడ్డల్లాంటి వాపులు నెలలకు, ఏళ్ళకు కూడా లేస్తాయి.

పెళ్ళికూతుళ్ళు చేసే పొరపాటు ఒకటే: ముహూర్తానికి పదిహేను రోజుల ముందు వెళ్ళడం. అంటే సరిగ్గా రంగు మాయమైనట్టుండే వారం. దానికి తోడు నలుగు, పసుపు, మంగళస్నానాలు అన్నీ ఆ పచ్చి గాట్ల మీదే. కనీసం మూడు నెలల ముందు మొదలుపెడితే టచప్ కూడా మాని ముఖంలో కలిసిపోతుంది. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి హైదరాబాదులో చవకగా చేయించుకుని వెళ్ళేవారిదీ ఇదే ఇబ్బంది. టచప్ నాటికి వాళ్ళు డాలస్‌లో ఉంటారు. ఒకరు మొదలుపెట్టిన పనిని ఇంకొకరు ముట్టుకోవడానికి చాలామంది ఒప్పుకోరు.

చివరగా ఒక చిన్న విషయం. కనుబొమల్లో ఐరన్ ఆక్సైడ్ ఉంటే ఎం.ఆర్.ఐ. తీసేటప్పుడు అరుదుగా అక్కడ మంట, వాపు రావచ్చు. స్కాన్ మానుకోవాల్సిన పనేమీ లేదు, టెక్నీషియన్‌కు ముందే చెబితే చాలు. రక్తదానానికి కూడా పచ్చబొట్టు తర్వాత ఏడాది ఆగాలి. రెండు చోట్లా ఫారం నింపేటప్పుడు "ఒంటి మీద పచ్చబొట్లు ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. లేవని టిక్కు పెట్టేస్తారు చాలామంది. చేతులూ మెడా గుర్తొస్తాయి కానీ, కనుబొమలు గుర్తుకురావు.